దానమ్మ గంప

లోకంలో విశ్వజిత్ తీర్చలేని దుఃఖమంటూ లేదు. ఆ మాట అతనే అన్నాడు, హాస్టల్ మెట్ల మీద నిలబడి, సముద్రం వైపు చెయ్యి చాపి. అప్పటికి అతను తీర్చిన దుఃఖాలు రెండు. ఒకటి తన తలగడది. రెండోది అద్దంలో కనబడే కుర్రాడిది. తలగడ ఇంతవరకూ ఏ ఫిర్యాదూ చెయ్యలేదు. అద్దంలో కుర్రాడి సంగతే కొంచెం అనుమానం.

భీమిలిలో, సముద్రం ఒడ్డున, ఒక పాత పెంకుటిల్లు ఉంది. కౌన్సెలింగ్ చదువు రెండో ఏడాదికి వచ్చినవాళ్ళు ఆరు నెలలు అక్కడుండి పని నేర్చుకుంటారు. పుస్తకంలో చదివిన సిద్ధాంతాన్ని మనిషి ఎదురుగా కూర్చుని వాడటం నేర్చుకోవాలి. నేర్పేది వసుమతి మేడమ్. అరవై దాటిన మనిషి, పిట్టలా ఉంటుంది. శిష్యులు మాట్లాడుతుంటే కళ్ళు మూసుకుంటుంది. నిద్రపోతోంది కదా అని ఎవరైనా ఒక మాట మింగేస్తే, కళ్ళు తెరవకుండానే "ఆ మింగినది కూడా చెప్పు" అంటుంది.

విశ్వజిత్‌కి నాలుగు సిద్ధాంతాలు కంఠతా వచ్చు. చిన్నతనంలోకి తవ్వుకుంటూ పోయేది ఒకటి. వంకరగా సాగే ఆలోచనను పట్టుకుని సరిచేసేది ఇంకొకటి. ఎదుటి మనిషి మాటను అద్దంలా ఆ మనిషికే చూపించేది మూడోది. గతాన్ని పక్కన పెట్టి, రేపు ఏం చేద్దామని అడిగేది నాలుగోది. ఇడ్లీ తింటూ కూడా వీటి గురించి గంటసేపు చెప్పగలడు. చెప్పేవాడు కూడా. అందుకే మెస్‌లో అతని పక్క కుర్చీలు ఎప్పుడూ ఖాళీగా దొరికేవి.

అతని చేతికి చిక్కిన మొదటి నిజమైన మనిషి దానమ్మ.

ఎండుచేపలు అమ్ముకునే ఆవిడ. నెత్తిన గంప పెట్టుకుని కాలనీలన్నీ తిరుగుతుంది. మూడు నెలలుగా నిద్ర లేదు, అన్నం సయించదు. ఆసుపత్రిలో అన్ని పరీక్షలూ చేసి, "ఒంట్లో ఏమీ లేదమ్మా, ఒకసారి ఆ పెంకుటింటికి వెళ్ళు" అన్నారు. వచ్చింది. గంపను వరండాలో నేల మీద పెట్టి, కాళ్ళు కడుక్కుని, కుర్చీ అంచున కూర్చుంది.

ఉన్నది నలభై ఐదు నిమిషాలు. విశ్వజిత్ నాలుగు సిద్ధాంతాలూ వాడేశాడు. ఒక్కోదానికి పదకొండు నిమిషాలు. మిగిలిన నిమిషం మంచినీళ్ళకి.

మర్నాడు మేడమ్ గదికి ఏడు పేజీలు పట్టుకెళ్ళాడు. అది అక్కడి పద్ధతి. వచ్చినవాళ్ళ అనుమతితో మాటలు రికార్డు చేసి, ఎవరు ఏమన్నారో పొల్లు పోకుండా కాగితం మీద రాసి, మేడమ్‌కి చూపించాలి.

"ఎలా జరిగింది?" అంది మేడమ్.

"నా వైపు నుంచి లోపం లేదు మేడమ్. కానీ ఆ నాలుగు సిద్ధాంతాలూ ఆవిడకి పట్టలేదు. ఐదోది ఏదైనా చెప్పండి."

"జ్వరం మందనుకున్నావా, మార్చి మార్చి వెయ్యడానికి?"

విశ్వజిత్ కాసేపు కిటికీలోంచి చూశాడు. బయట పొగమంచు. సముద్రం కనబడటం లేదు, చప్పుడు మాత్రం గదిలోనే ఎవరో పడుకుని ఊపిరి తీస్తున్నట్టు వినబడుతోంది.

"వచ్చే గురువారం ఆవిడ రాదేమో మేడమ్."

"రాకపోతే?"

"రాకపోతే నిద్ర పట్టక అలాగే తిరుగుతుంది. ఇంకెక్కడికీ వెళ్ళదు కూడా. ఇక్కడికి రావడమే ఎక్కువ."

మేడమ్ కళ్ళు మూసుకునే ఉంది. "ఆ మింగినది?"

"నాకు మార్కులు కూడా పోతాయి."

"ఊఁ. ఇప్పుడు కూర్చో. అక్కడ కాదు, ఇక్కడ."

వచ్చినవాళ్ళతో మాట్లాడేదీ ఆ గదిలోనే. నిన్న దానమ్మ కూర్చున్న కుర్చీ చూపించింది. తను నిన్న అతను కూర్చున్న కుర్చీలో కూర్చుంది. కాలు మీద కాలు వేసుకుంది. గడ్డం కాస్త పైకెత్తి, పెన్నుతో మోకాలి మీద టకటకా కొట్టుకుంది. విశ్వజిత్ గుర్తుపట్టాడు. ఆ టకటక అతనిదే.

"నువ్వు దానమ్మవి. నేను నువ్వు. కాగితం మీద ఉన్నదే చదువుదాం" అని మొదలుపెట్టింది. "నమస్కారం అమ్మా. మీ బాధకి పదికి ఎన్ని మార్కులు వేస్తారు?"

విశ్వజిత్ చదివాడు. "నాకు సదువు రాదు బాబూ. నీకు తోసినన్ని నువ్వే ఏసుకో."

"చిన్నప్పుడు మీ అమ్మగారితో మీకు అనుబంధం ఎలా ఉండేది?"

"మాయమ్మ పోయి నలబై ఏళ్ళయింది బాబూ. దాని మానాన దాన్ని ఉండనీ."

"అంటే, అమ్మగారి గురించి మాట్లాడటం మీకు ఇబ్బందిగా ఉందన్నమాట."

"ఇబ్బందేటి బాబూ. పొద్దు పోతంది."

నిన్న రాత్రి ఇవి రాసుకుంటూ విశ్వజిత్ రెండుసార్లు నవ్వుకున్నాడు. ఇప్పుడు నవ్వు రాలేదు. ఈ కుర్చీ కొంచెం పల్లంగా ఉందని అతనికి ఇంతవరకూ తెలీదు. ఇందులోంచి చూస్తే ఎదుటి మనిషి ఎత్తుగా, ఎక్కడో గట్టు మీద కూర్చున్నట్టు ఉంటాడు. ఆ మనిషి అడుగుతాడు, వెంటనే తల దించి రాసుకుంటాడు. జవాబు ఎవరికి చెప్పాలో తెలియదు. పెన్నుకి చెప్పాలేమో.

పొగమంచు కిటికీ దాటి లోపలికి వచ్చింది. మేడమ్ ముఖం పలచబడింది. చేతిలో కాగితం ఎవరిదో, గొంతు ఎవరిదో, అతనికి నెమ్మదిగా తేడా తెలియకుండా పోతోంది.

"ప్రస్తుతం మిమ్మల్ని ఎక్కువగా ఇబ్బంది పెడుతున్న విషయం ఏమిటంటారు?"

అతను చదివాడు. "ఏటుంది బాబూ. గంప ఎత్తీవోళ్ళు లేరు."

మేడమ్ ఉత్సాహంగా ముందుకు వంగింది, అచ్చం అతనిలాగే. "చిన్న గంప వాడితే ఎలా ఉంటుందంటారు?"

తరువాతి మాట కాగితం మీద ఉంది. 'అలాగే బాబూ' అని. రెండే మాటలు. విశ్వజిత్ నోరు తెరిచాడు. రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. సముద్రం ఒకసారి వచ్చి వెళ్ళింది, ఇంకోసారి వచ్చి వెళ్ళింది. మేడమ్ కదలలేదు.

"ఇన్నావా బాబూ?" అన్నాడు చివరికి.

మేడమ్ పెన్ను కింద పెట్టింది. కాలు మీద కాలు తీసేసింది.

"అది కాగితంలో లేదు."

"లేదు మేడమ్."

అప్పుడతనికి గుర్తొచ్చింది. నిన్న దానమ్మ బయటికి వెళ్ళాక చాలాసేపు వరండాలోనే నిలబడింది. గంప వైపు చూసింది, గేటు వైపు చూసింది. అతను కిటికీలోంచి చూశాడు. చూసి, 'పదకొండూ యాభైకి వెళ్ళిపోయారు' అని రాసుకున్నాడు.

తలుపు దాకా వెళ్ళి ఆగాడు. అలవాటు ఊరికే పోదు కదా.

"మరి ఐదో సిద్ధాంతం?"

"ముందు ఈ నాలుగూ బాగా చదువు" అంది మేడమ్. "మరిచిపోయేంత బాగా."

గురువారం పదకొండయింది. పదకొండుంబావు అయింది. విశ్వజిత్ వరండాలోకి వచ్చాడు, లోపలికి వెళ్ళాడు, కుర్చీని జరిపాడు, మళ్ళీ వరండాలోకి వచ్చాడు. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే గేటు కూడా లేదు. ఇల్లూ తనూ ఒక మేఘంలో తేలుతున్నట్టుంది. అంత మంచులోనూ అతనికి చెమట పట్టింది.

మొదట ఎండుచేపల వాసన వచ్చింది. తరువాత గంప వచ్చింది, గాల్లో తేలుతూ. ఆ తరువాత గంప కింద దానమ్మ వచ్చింది.

లోపల కుర్చీ అంచునే కూర్చుంది. విశ్వజిత్ ఈసారి పెన్ను తేలేదు.

"గంప ఎవరు ఎత్తేవారమ్మా?"

ఆవిడ అతని వైపు చాలాసేపు చూసింది. కుర్చీలో కొంచెం వెనక్కి జరిగింది.

"ఎర్రక్క" అంది.

పేరు చెప్పి ఊరుకుంది. విశ్వజిత్‌కి ఏదో ఒకటి అనాలనిపించింది. నాలుక చివరికి ఏవేవో వచ్చాయి. అవి అక్కడే ఆగిపోయేదాకా కూర్చున్నాడు.

"ముప్పయ్యేళ్ళు బాబూ. తెల్లారకుండా ఇసకలోకొచ్చీది. ముందు దాని గంప నానెత్తీదాన్ని. మరి నా గంపెవులెత్తుతారు? అది నెత్తి మీద గంపని ఒక సేత్తో అట్టుకుని, మోకాళ్ళు ఒంచి, రెండో సేత్తో నాకెత్తీది. ఒక్క సేప రాలనిచ్చీది కాదు. ఆ తరవాత ఇద్దరం నడిసిపోయీవోళ్ళం. అదొక ఈది, నానొక ఈది. మజ్జాన్నం మళ్ళీ ఒక దగ్గరే సద్ది తినీవోళ్ళం." కొంగు వేలికి చుట్టుకుంది. "వర్సాల్లో పోయింది. జొరమే. మూడ్రోజులు."

సముద్రం చప్పుడు వినబడింది.

"ఇప్పుడు దారినపోయినోళ్ళని కేకేస్తన్నాను. ఎత్తరని కాదు బాబూ, పాపం ఎత్తుతారు. ఎత్తి ఎల్లిపోతారు గదా."

"ఎర్రక్క మీతో నడిచేది" అన్నాడు విశ్వజిత్.

అది మూడో సిద్ధాంతమని అతనికి నాలుగు రోజుల తరువాత, స్నానం చేస్తుంటే తట్టింది. అప్పుడు మాత్రం ఏమీ తట్టలేదు. దానమ్మ తల ఊపింది. కళ్ళు తుడుచుకుంది. ఇంకా చాలా చెప్పింది. ఎర్రక్క బేరాలు, ఎర్రక్క తిట్లు, ఎర్రక్కకి కుక్కలంటే భయం. ఒక కుక్కని చూసి గంపతో సహా పంచాయతీ ఆఫీసులోకి దూరిపోయిందట. చెబుతూ చెబుతూ మధ్యలో నోరారా ఆవలించింది. ఇంకెవరైనా అయితే చిన్నబుచ్చుకునేవారు. విశ్వజిత్‌కి మాత్రం లేచి చప్పట్లు కొట్టాలనిపించింది.

టైమయింది. ఆవిడ లేచింది. అతనూ లేచి వరండాలోకి వచ్చాడు. దానమ్మ గుడ్డ చుట్టి చుట్టకుదురు నెత్తిన పెట్టుకుంది. గేటు వైపు చూడబోయి, పక్కనున్న అతన్ని చూసింది.

"ఒక సెయ్యి ఎయ్యి బాబూ."

మర్నాడు మేడమ్ తన గదిలో కాగితాలు తిరగేస్తోంది. ఈసారి మూడే పేజీలు. అందులో అతని మాటలన్నీ కలిపితే అరపేజీ. చివర, కౌన్సెలర్ చేసిన పని అనే గడిలో విశ్వజిత్ నిండుగా, గుండ్రటి అక్షరాలతో రాశాడు: 'గంపను నేనే స్వయంగా ఎత్తి ఆవిడ నెత్తిన పెట్టితిని.'

దాని పక్కన, వాడిన సిద్ధాంతం అనే గడి ఖాళీగా ఉంది.

"మళ్ళీ వస్తానందా?" అంది మేడమ్.

"వస్తానంది మేడమ్. వచ్చే వారం నాకు ఎండు నెత్తళ్ళ చేపలు తెస్తానంది కూడా. వద్దన్నాను. తెచ్చేలాగే ఉంది."

మేడమ్ రాసినదాన్ని ఇంకోసారి చదివింది. కళ్ళు మూసుకుంది.

"చాలా బరువుందా?"

విశ్వజిత్ కిటికీలోంచి చూశాడు. ఆ రోజు మంచు లేదు, చూడటానికి సముద్రం చాలానే ఉంది. మేడమ్‌కి తొందరేమీ లేనట్టుంది.

"నేను ఎత్తలేదు మేడమ్" అన్నాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. "మోకాలి దాకా వచ్చేసరికి నా చేతులు వణికిపోయాయి. ఆవిడే ఎత్తుకుంది, మొత్తం ఆవిడే. నేను ఊరికే గంపకి చెయ్యి ఆనించి నిలబడ్డాను. సిగ్గుపడి, సారీ అమ్మా అన్నాను."

"ఏమంది?"

"నవ్వింది మేడమ్. 'ఆకరి పదేళ్ళూ ఎర్రక్క కూడా అంతే బాబూ, ఉత్తినే సెయ్యేసీది' అంది."