గవర్రాజు అడిగిన కొసరు

గోదారి గట్టున ఇటుకల బట్టీలో పనిచేసే గాడిదల్లో గవర్రాజుకి మహా తెలివైనవాడని పేరు. ఆ పేరు పెట్టుకున్నది గవర్రాజే. సంతలో ఏది కొన్నా కొసరు లేకుండా కదలడు. గంపెడు తవుడు కొంటే పైన ఓ గుప్పెడు, తోటకూర కట్ట కొంటే పక్కన రాలిన నాలుగు కాడలు, ఏమీ దొరక్కపోతే కట్టకి చుట్టిన నారైనా సరే, అడిగి పట్టుకొస్తాడు. నన్ను మోసం చేసేవాడు ఇంకా పుట్టలేదని తోటి గాడిదలతో అంటుంటాడు. ఆ పుట్టాల్సినవాడు ఎప్పుడో పుట్టి, పెరిగి, లాంచీ కూడా కొనుక్కుని రేవులో కూర్చున్నాడని అతనికి తెలీదు.

ఒక బట్టీ దించి మరో బట్టీ పేర్చే మధ్యలో గాడిదలకి ఒక్కరోజు సెలవు దొరుకుతుంది. ఆ ఏడాది అలాంటి రోజు ఒక్కటే వచ్చింది. ఆ రోజంతా వీపు మీద ఏమీ లేకుండా గడపాలని గవర్రాజు ఆశ. చిన్న ఆశే. కానీ ఇదివరకటి సెలవులన్నీ సంత మూటలకే సరిపోయి, బుద్ధెరిగినప్పటినుంచీ ఖాళీ వీపుతో ఒక పగలు ఎలా గడుస్తుందో అతను ఎరగడు. ఆ సంగతి తలుచుకుంటే తెలివంతా పక్కకి పోయి కళ్లలో నీళ్లు తిరిగేవి.

పొద్దున్నే దాచుకున్న జొన్నచొప్ప కట్ట నోట కరుచుకుని రేవుకి వెళ్లాడు. నక్క ముకుందం లాంచీ అక్కడ ఆగి ఉంది. పొద్దున ఎక్కితే తుమ్మలంక చూపించి సాయంత్రానికి తిరిగి తెస్తుంది. ఛార్జీ చొప్ప కట్ట. లాంచీకి కట్టిన పలక మీద పెద్ద అక్షరాలతో ఇలా ఉంది: పానకం, తవుడు ముద్ద, బూడిదలో పొర్లడం. వీటిలో ఏదైనా ఒకటి ఉచితం.

మూడోది చదవగానే గవర్రాజు ఒళ్లు పులకరించింది. గాడిదకి బూడిదలో పొర్లడమంటే మనకి పెళ్లిభోజనం అయ్యాక నడుం వాల్చడం లాంటిది. అయినా మొహంలో కనబడనివ్వలేదు. బేరం చేసేవాడు సంబరం చూపించకూడదు మరి.

"కట్ట ఎంత లావుందో చూశారా? దీనికి ఒక్కటే ఇస్తానంటే ఎలాగండీ?" అన్నాడు.

ముకుందం కట్ట వంక చూడలేదు. గవర్రాజు వీపు వంక చూశాడు, అదీ తీరిగ్గా.

"తమరే చెప్పండి, ఏం ఇమ్మంటారో."

"మూడూ ఇవ్వండి."

ముకుందం బుర్ర గోక్కున్నాడు. నష్టపోతానన్నాడు. ఇంట్లో ఆడవాళ్లకి మొహం ఎలా చూపించాలన్నాడు. చివరికి నిట్టూర్చి, "బేరం తెలిసినవారితో నేను నెగ్గలేనండీ. మా దగ్గర మూడూ ఇచ్చేది ఎర్రగుడ్డ వేసుకున్న పెద్ద అతిథులకే. తమరికీ ఓ గుడ్డ వేస్తాను, వేసుకుంటారా?" అన్నాడు.

"గుడ్డకేం తీసుకుంటారు?"

"ఆయ్, ఎంతమాట. అదీ ఉచితమే."

అడిగినవి మూడు, వచ్చినవి నాలుగు. గవర్రాజు మెడ చాచాడు, ముకుందం ఎర్రగుడ్డ కప్పాడు. ఆ క్షణంలో గవర్రాజుని ఎవరైనా చూసుంటే గుర్రమనుకునేవారు. కనీసం గవర్రాజు అలా అనుకున్నాడు.

వెనకాల వరసలో తాబేలు అచ్చమ్మ ఉంది. ఆవిడ ఛార్జీ కింద గుప్పెడు తామర దుంపలు పెట్టింది. మీకు ఉచితంగా ఏం కావాలని ముకుందం అడిగితే ఏమీ వద్దంది. గవర్రాజుకి ప్రాణం ఉసూరుమంది.

"అదేంటి పిన్నీ, ఊరికే ఇస్తుంటే వదులుకుంటావా?"

"బెల్లం నాకు పడదు నాయనా, కడుపుబ్బరం. తవుడు గొంతు దిగదు. బూడిద నేనేం చేసుకోను?" అని ఆవిడ లాంచీ చివర ఎండలో చోటు చూసుకుని కాళ్లు చాపింది. పాపం, బతకడం చేతకాని మనిషి అనుకున్నాడు గవర్రాజు.

లాంచీ కదిలింది. పానకం ఎప్పుడిస్తారని అడిగితే, లాంచీ నడిపే సరంగు కొంగ, కింద గదిలో బిందె ఉందని చెప్పింది. ఎర్రగుడ్డవారు స్వయంగా తెచ్చుకోవచ్చట. ఎలాగూ తెస్తున్నారు కనక నిండు బిందె తెస్తే అందరికీ సరిపోతుందట. గవర్రాజు తెచ్చాడు. ఎక్కినవాళ్లంతా తాగాక అడుగున రెండు గుక్కలు మిగిలాయి. తవుడు కూడా గోతాంతో అలాగే వచ్చింది, అలాగే అందరికీ అందింది. అందులో ఓ ముద్ద అతనిది. కొంచెం తిరగాల్సి వచ్చిన మాట నిజమే, కానీ ఉచితం ఉచితమే కదా అని సర్దిచెప్పుకున్నాడు.

తుమ్మలంక రేవులో లాంచీ ఆగగానే ఓ మేకమ్మ వచ్చి, మాటామంతీ లేకుండా ట్రంకుపెట్టె గవర్రాజు వీపు మీద పెట్టింది.

"ఏంటమ్మా ఇది?"

"ఎర్రగుడ్డ వేసుకున్నావుగా బాబూ. మెల్లగా నడువు, అందులో ఊరగాయ జాడీ ఉంది."

రేవుల్లో ఎర్రగుడ్డ మూటలు మోసేవాళ్ల గుర్తు. లాంచీ ఎక్కినవాళ్లందరికీ ఈ ముక్క తెలుసు. బట్టీ, సంత తప్ప లోకం చూడని గవర్రాజుకే తెలీదు. ముకుందం దగ్గర మూటలు మోసే ఎద్దు, మేత చాలడం లేదని నాలుగు రోజుల కిందటే మానేసింది.

గవర్రాజు పెట్టెతో సహా ముకుందం దగ్గరికి పరుగెత్తాడు. ముకుందం ఏమాత్రం తడబడకుండా, బలవంతం ఏమీ లేదు, గుడ్డ తీసి ఇచ్చెయ్యండి అన్నాడు. కాకపోతే గుడ్డ లేనివారికి ఉచితం ఒక్కటే. పానకం తాగారు, తవుడు తిన్నారు. ఒకటి వదిలేసినా రెండోదానికి ఇంకో చొప్ప కట్ట పెట్టాలి. బూడిద సంగతి ఇక మర్చిపోవాలి.

ఇంకో కట్ట గవర్రాజు దగ్గర లేదు. అది సగం కారణం. మిగతా సగం చెప్పుకోవాలంటే అతనికే సిగ్గు. బూడిద ఇంకా మిగిలే ఉంది. నాలుగు మూటలకి భయపడి వస్తున్న బూడిద వదిలేసుకుంటే ఇన్నాళ్ల తెలివికి అర్థమేముంది? ఇలా ఆలోచించే, గుడ్డ సరిచేసుకుని ఇసకలో నడక మొదలుపెట్టాడు.

మేకమ్మ పెట్టె అయ్యాక బాతుల బుట్టలు, బుట్టలయ్యాక ముకుందం లంకలో అమ్మడానికి తెచ్చిన కుండలు. రేవు నుంచి మెరక దాకా కాళ్లు కూరుకుపోయే ఇసక. బట్టీలో దారైనా గట్టిగా ఉండేది. ఎన్నిసార్లు ఎక్కి దిగాడో లెక్క మర్చిపోయాడు. చివరి విడతలో తన బూడిద గోతాం తనే మెరక మీదికి మోసి, కట్టు విప్పి, మెత్తగా పరిచి, ముందు కాళ్లు మడిచాడు. లాంచీ కూత వేసింది. కొంగ వచ్చి, బూడిద తిరిగి గోతానికెత్తి తెచ్చెయ్యమంది. రేపటి అతిథులకి కావాలట.

దిగి వస్తుంటే నీళ్ల పక్కన తడి ఇసకలో పడుకున్న అచ్చమ్మ కళ్లు తెరిచింది. మంచి నిద్ర పట్టిందనీ, లంక ఎలా ఉందో తను చూడనేలేదనీ చెప్పి, నువ్వు చూశావా అని అడిగింది. గవర్రాజు గోతాం దించకుండానే కాసేపు ఆలోచించాడు. పొద్దుటినుంచీ తల వంచుకునే నడిచాడు కనక ఇసక తప్ప ఏమీ గుర్తు రాలేదు.

"ఇసక బాగుంది పిన్నీ" అన్నాడు.

సాయంత్రం ఇవతలి రేవులో అందరూ దిగిపోయాక ముకుందం ముందు నిలబడ్డాడు.

"ఉచితమన్నారు కదండీ. నాకున్నది ఈ ఒక్కరోజు సెలవు. ఇవాళైనా ఏమీ మోయకుండా ఉందామని వచ్చాను."

"ఉచితమేనండీ. నేను ఒకటే ఇస్తానన్నాను. మూడూ కావాలని అడిగిందెవరు?"

గవర్రాజు మెడ వంచాడు. ముకుందం మర్యాదగా ఎర్రగుడ్డ తీసుకుని, దులిపి, మడిచి, పలక కింద పెట్టుకున్నాడు.

మర్నాడు బట్టీలో గాడిదలన్నీ చుట్టూ చేరాయి. షికారు ఎలా ఉందో చెప్పమన్నాయి. పానకం తాగాను, తవుడు తిన్నాను, పెద్ద అతిథినని ఎర్రగుడ్డ కప్పారు అని చెబితే చాలు, అందులో ఒక్క అబద్ధం లేదు, పరువూ నిలబడుతుంది. అంతా నాలిక చివరి దాకా వచ్చింది. కానీ అలా చెబితే వచ్చే సెలవుకి వీళ్లంతా చొప్ప కట్టలు పట్టుకుని ఆ రేవుకే పోతారు. వాళ్లకీ ఉన్నది ఒక్క రోజే. గవర్రాజు సిగ్గు మింగి, ట్రంకుపెట్టె దగ్గర మొదలుపెట్టి బూడిద గోతాం దాకా అంతా చెప్పాడు. గాడిదలు పడిపడి నవ్వాయి. మధ్యలో అతనికీ నవ్వు ఆగలేదు.

నవ్వులయ్యాక మేస్త్రీ వచ్చి వీపు మీద ఇటుకలు పేర్చడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ లేనిది గవర్రాజు ఇంకో నాలుగు పెట్టించుకుని కదిలాడు. పక్క గాడిద వింతగా చూస్తే, "ఇక్కడ నయంరా, మోతని మోతే అంటారు" అన్నాడు.

ఉచితమన్నవాణ్ణి ఇంకేమిస్తావని అడిగే ముందు, మోసేది ఎవరని అడగాలి.