సీసాలో వెన్న

బడికి సెలవులిచ్చారు. సైన్సు గదిలో మనుషుల అలికిడి లేదు, ఉన్నదల్లా పిల్లి. గోడమూల కన్నంలో చుంచెలుక పిల్లలున్నాయి, ఇంకా కళ్ళు తెరవలేదు. తల్లి మేతకు బయటికొచ్చిన అదను చూసి పిల్లి కన్నం ముందు తిష్ఠ వేసింది. చుంచెలుక బీరువా పైకెక్కింది. పాలు తాగే వేళ దాటిపోయింది. పిల్లల కిచకిచలు వినిపిస్తుంటే తల్లి ప్రాణం కొట్టుకుపోతోంది.

"దిగి రావే. నువ్వొక్కదానివి వస్తే వాటిని వదిలేస్తాను," అంది పిల్లి.

పిల్లి మాట నమ్మి బతికిన ఎలుక ఎక్కడుంది? చుంచెలుక గోడమీది బల్లి వైపు చూసింది.

"బల్లక్కా, ఏడాదంతా పాఠాలు విన్నావు. ఒక్క ఉపాయం చెప్పవూ?"

బల్లి గొంతు తగ్గించింది. "టేబుల్ మీది సీసాలో సోడియం ఉంది చూడు. పరమాణువులో ఎలక్ట్రాన్లు వరసలుగా ఉంటాయట. బయటి వరస నిండుగా ఉంటే అది ఎవరి జోలికీ పోదు, నియాన్‌లాగా. సోడియానికి ఆ వరసలో ఉన్నది ఒక్కటే. దాన్ని ఎవరికి అంటగడదామా అని చూస్తుంటుంది. నీళ్ళు తగిలాయా, ఇక ఆగదు, భగ్గుమంటుంది. కిరసనాయిలైతే దాన్ని పుచ్చుకోదు, అందుకే అందులో ముంచారు."

"మంట లేస్తే? నా పిల్లలో?"

"నీళ్ళ తొట్టి ఆ చివర కదా ఉంది."

చుంచెలుక గుండె చిక్కబట్టుకుంది. "పిల్లి బావా, నా ఒంట్లో ఏముంది, ఎముకలు తప్ప? ఆ సీసాలోది చూడు. కత్తి పెడితే వెన్నలా తెగుతుంది."

"కోతలు కోయకు."

"టిక్ టిక్," అంది బల్లి. "మాస్టారు కోస్తుంటే నా కళ్ళతో చూశాను."

బల్లి పలికిందంటే సత్యమని ఊరంతా నమ్ముతుంది, పిల్లి నమ్మదా? వదులుగా ఉన్న మూత లాగేసి, ముక్కను గోళ్ళతో పైకి తీసింది. "ఛీ, కిరసనాయిలు కంపు."

"తొట్టిలో నీళ్ళున్నాయి బావా," అంది చుంచెలుక.

పొద్దస్తమానం ఒళ్ళు నాక్కునే జాతికి శుభ్రం ఎక్కువ. పిల్లి ముక్కను గోళ్ళకు గుచ్చుకుని, మూడు కాళ్ళమీద కుంటుతూ వెళ్ళి నీళ్ళలో వేసి తొంగిచూసింది. ముక్క బుస్సుమంటూ నీళ్ళమీద పరుగులు తీసి, భగ్గుమని మండి, ఢామ్మని పేలింది. మాడిన మీసాలతో పిల్లి కిటికీలోంచి దూకింది. మళ్ళీ ఆ బడి ఛాయలకు రాలేదు.

చుంచెలుక ఒక్క ఉరుకున కన్నంలో దూరింది. పిల్లలు కడుపునిండా పాలు తాగాయి.

వెన్నలా కనిపించేవాణ్ణి దగ్గరికి తీసే ముందు, వాడు దేన్ని వదిలించుకోవాలని చూస్తున్నాడో కనుక్కోవాలి.