నలభై ఒకటో గడియారం

రేలంగిపాడు జమీందారు జగపతిరాజుగారికి లోపల పెట్టెలో నలభై జేబు గడియారాలు, ఒంటిమీది జేబులో మరొకటి ఉండేవి. చెప్పిన వేళకు రావడం మాత్రం లేదు. ఆయన గద్దె మీద కూర్చున్నాకే దివాణంలో ఎనిమిది గంటలు కొట్టాలని ఆనవాయితీ. గంట మోగాకే చెరువు తూము ఎత్తేవారు, పొద్దుగూకితే దించేసేవారు. ఆలస్యంగా వదిలిన నీళ్లు చివరి మళ్లదాకా పారేవి కావు. గంట కొట్టే అప్పలసూరి నారుమడి ఆ చివరనే ఎండిపోతోంది.

ఒకరోజు పట్నం వర్తకుడు రెండు బంగారు గడియారాలు తెచ్చాడు. రాజుగారు తీరిగ్గా వచ్చి కూర్చున్నారు. సూరి ఎనిమిది కొట్టాడు.

"ఒరే సూరీ, వేళ తెలిసినవాడివి. వీటిలో ఏది తీసుకోమంటావురా?"

సూరి రెండూ చూసి పెదవి విరిచాడు. "రెండూ పనికిరావు బాబూ. నేనిప్పుడే ఎనిమిది కొట్టానా, ఇవి పదకొండంటున్నాయి."

వర్తకుడు లబలబలాడాడు. "అయ్యా, ఎండ చూడండి, పదకొండే!"

"ఊరుకోవయ్యా! మా బాబుగారు ఆలస్యంగా వస్తారా? లోపలున్న నలభై కూడా ఇలాగే తప్పు చూపిస్తున్నాయి. సెలవిస్తే అన్నీ మూటగట్టి నీ బండిలో పడేస్తాను."

రాజుగారు ఉలిక్కిపడి జేబు పట్టుకున్నారు. గడియారాలదైనా తప్పనాలి, ఆలస్యంగా వచ్చిన తనదైనా తప్పనాలి. చివరికి ఆ జేబులోంచి పచ్చరాయి పొదిగిన గడియారం తీసి సూరి చేతిలో పెట్టారు.

"ఇది సరైనదేరా. రేపటినుంచి దీన్ని చూసే గంట కొట్టు, నేను వచ్చినా రాకపోయినా."

మర్నాటి సాయంత్రానికి సూరి మడి తడిసింది. నలభై ఒక్క గడియారాల్లో ఊరికి పనికొచ్చింది అదొక్కటే.