పాత తేనె, పాత నూనె

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో జంతువులు బోలెడు, బండి మాత్రం ఒక్కటే. అది అడవిలోకి ఎలా వచ్చిందని అడగకండి పిల్లలూ, వచ్చింది అంతే. నీలం రంగు వ్యాను. లోపల రెండు వరసల బల్లలు, పైన నీళ్ళ పీపాలు కట్టుకోవడానికి ఇనుప కమ్మీలు. దాన్ని నడిపేవాడు జంబయ్య అనే ఎలుగుబంటి.

జంబయ్యకు ఆ బండి అంటే ప్రాణం. రోజూ పొద్దున్నే కడిగేవాడు. అద్దాలు తన పొట్ట మీది బొచ్చుతోనే తుడిచేవాడు. ఎవరైనా కాళ్ళు దులుపుకోకుండా ఎక్కితే గుర్రుమనేవాడు. పైపైన చూస్తే బండిని అంత ముద్దుగా చూసుకునే డ్రైవరు ఇంకొకడు ఉండడనిపించేది. లోపలి సంగతే వేరు.

ఆ అడవి మధ్యలో తంగేడు లోయ ఉంది. లోయలోంచి బయటికి ఒకటే దారి. ఏడు మలుపుల ఎర్రమట్టి రోడ్డు. ఏడో మలుపు దాటి కొండకు అవతల దిగితే చలివాగు వస్తుంది. ఎండాకాలంలో లోయలోని గుంటలన్నీ ఎండిపోతాయి. అప్పుడు జంబయ్య రోజుకు నాలుగైదుసార్లు ఆ కొండ ఎక్కి దిగి, వాగు నుంచి పీపాలతో నీళ్ళు తెచ్చి ముసలివాళ్ళకూ పసివాళ్ళకూ పోసేవాడు. దారి పొడవునా దుమ్మే. బండి మూలుగుతూ ఎక్కేది, మూలుగుతూ దిగేది.

ఆ బండికి జబ్బు చేస్తే చూసేది సూరమ్మ అనే అలుగు. అలుగును మీరు చూసి ఉండరు. ఒంటినిండా పెంకుల్లాంటి పొలుసులు, పొడుగు మూతి, గట్టి గోళ్ళు. ఎంత ఇరుకైనా సరే, బండి కిందికి వెల్లకిలా జారిపోగలదు. రాళ్ళు గుచ్చుకోవు, వేడి నూనె చుక్క పడినా చురుక్కుమనదు.

చలి వెళ్ళిపోతున్న రోజుల్లో ఒకనాడు సూరమ్మ ఇంజన్‌లోంచి నూనె కొలిచే పుల్లను బయటికి లాగి చూసింది. ముక్కు చిట్లించింది.

"జంబయ్యా, ఇంజన్ ఆయిల్ మార్చాలి నాయనా. ఫిల్టరు కూడా మార్చాలి," అంది.

"ఇప్పుడేనా అత్తా? మొన్ననే కదా మార్చాం!" అన్నాడు జంబయ్య.

"మొన్నేంటి? వానలు తగ్గినప్పుడు మార్చాం. ఆరు నెలలు కావొస్తోంది. ఈ బండితో వచ్చిన పుస్తకంలో ఏం రాసుంది? ఐదు వేల కిలోమీటర్లు తిరిగినా, ఆరు నెలలు గడిచినా, ఏది ముందు వస్తే అప్పుడు మార్చమని కదా? దుమ్ములోనూ ఎత్తుల్లోనూ తిరిగే బండికి ఇంకా ముందే మార్చమని కూడా ఉంది."

జంబయ్య స్టీరింగ్ వెనకాల ఉన్న మీటరు వైపు చూశాడు. "మూడు వేలే తిరిగింది అత్తా. ఇంకా రెండు వేలు ఉంది."

"కిలోమీటర్లు నీకు కనిపిస్తాయి. అది మింగిన దుమ్ము కనిపించదు," అంది సూరమ్మ.

జంబయ్య ఆ పుల్ల మీది నూనెను గోటితో తీసి, వేళ్ళ మధ్య రుద్ది చూశాడు. నల్లగా ఉంది, చిక్కగా ఉంది. అతని కళ్ళు మెరిశాయి. ఎందుకో తెలుసా? ఎలుగుబంట్లకు తెలిసిన నల్లని చిక్కని వస్తువు ఒకటే, పాత తేనె. జంబయ్య వాళ్ళ నాయనమ్మ చెట్టు తొర్రలో మూడేళ్ళు దాచిన తేనె ఉండేది. ఒక్క చుక్క నాకితే ఎంత దగ్గయినా తగ్గిపోయేది. పాతబడేకొద్దీ నలుపు, నల్లబడేకొద్దీ బలం. వాళ్ళ వంశమంతా అలాగే నమ్మింది.

"ఇప్పుడిప్పుడే పాకానికి వస్తోంది అత్తా! ఇంత మంచి నూనెను నేలపాలు చేయమంటావా?" అన్నాడు.

సూరమ్మకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. "తేనె తొర్రలో కూర్చుని ఉంటుందిరా. నూనె అలా కాదు, పని చేస్తుంది. ఇంజన్‌లో ఇనుము ఇనుముతో రాసుకోకుండా చూస్తుంది, వేడి తగ్గిస్తుంది, లోపలి మురికిని కడుగుతుంది. ఆ మురికిని ఫిల్టరు పట్టుకుంటుంది. అది నిండిపోతే ఇంకెక్కడ పట్టుకుంటుంది? ఆ నలుపు బలం కాదు, మురికి."

జంబయ్య తల ఊపాడు. ఊపడం వరకే. సూరమ్మ అటు వెళ్ళగానే బండెక్కి నీళ్ళకు వెళ్ళిపోయాడు.

నెల గడిచింది. కొండ ఎక్కేటప్పుడు బండి టకటకమని చప్పుడు చేయడం మొదలుపెట్టింది. జంబయ్య పుల్ల తీసి చూస్తే నూనె కాస్త తగ్గి ఉంది. డబ్బాలో ఉన్న కొత్త నూనె కాస్త దాని మీదే పోశాడు. చప్పుడు తగ్గింది. "చూశావా, సరిపోయింది," అని తనకు తానే చెప్పుకున్నాడు. అంతటితో ఊరుకోలేదు. ఫిల్టరు విప్పి, అందులోని కాగితం మడతలను కిరసనాయిలులో జాడించి, ఎండబెట్టి, మళ్ళీ బిగించేశాడు. జాడింపుకు కాగితం అక్కడక్కడ చిరిగింది. చిరిగినది కనిపించలేదా అంటే, కనిపించింది. చూడనట్టు ఊరుకున్నాడు.

ఎండలు ముదిరాయి. ఒకరోజు మధ్యాహ్నం సూరమ్మే వచ్చింది. ఒక చేతిలో కొత్త నూనె డబ్బా, ఇంకో చేతిలో కొత్త ఫిల్టరు, నోట్లో పానా. పానా కింద పెట్టి, "ఇవాళ వదలను. అరగంట పని. ఇంజన్ ఆపి దిగు," అంది.

జంబయ్య దిగబోయాడు. సరిగ్గా అప్పుడే అతనికి కొండకొమ్ము మీది తేనెపట్టు గుర్తొచ్చింది. రెండు రోజులుగా చూసి పెట్టుకున్నాడు. ఇవాళ దించకపోతే వేరే ఎలుగు ఏదైనా దించేస్తుంది.

"రేపు అత్తా. పొద్దున్నే. ఒట్టు!"

"తేనెపట్టు కోసమేనా?"

జంబయ్య మళ్ళీ సీట్లో సర్దుకుని గేరు వేశాడు. బండి దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయింది. సూరమ్మ డబ్బా పట్టుకుని ఆ దుమ్ములోనే నిలబడిపోయింది. జంబయ్యకు వెనక అద్దంలో ఆమె కనిపించింది. మనసులో కాస్త చివుక్కుమంది. ఆ సాయంత్రం తేనె తియ్యగానే ఉంది కాబట్టి ఆ చివుక్కు మర్చిపోయాడు.

తెల్లారింది. ఒట్టు ప్రకారం జంబయ్య సూరమ్మ దగ్గరికి బయలుదేరాడు కూడా. అంతలో పడమటి కొండ మీంచి కొండముచ్చులు గొంతు చించుకుని అరిచాయి.

"మంట! మంట! లోయలోకి దిగుతోంది!"

పడమర అంతా పొగ. ఎండుటాకులు రాలిన నేల, పైగా గాలి. పరిగెత్తగలిగినవాళ్ళు పరిగెత్తారు. ఏనుగులు, పందులు, పులి, అందరూ ఒకే దారిన పోయారు, ఎవరినీ ఎవరూ చూసుకోలేదు. పరిగెత్తలేనివాళ్ళు మాత్రం లోయలో మిగిలిపోయారు. కళ్ళు తెరవని పిల్లలున్న కుందేళ్ళు. కాళ్ళు పడిపోయిన ముసలి ఏదుపంది పోలయ్య. చుక్కల జింక నీలవ్వ, ఆ తెల్లవారుజామునే పుట్టిన ఆమె బిడ్డ. ఆ బిడ్డకింకా నిలబడటం రాలేదు.

సూరమ్మ అందరినీ వరసలో నిలబెట్టింది. "తోసుకోకండి. ముందు పసివాళ్ళు. జంబయ్యా, తిప్పు బండి!"

మొదటి ట్రిప్పులో కుందేళ్ళు ఎక్కాయి. బండి నిండిపోయింది. ఐదో మలుపు దగ్గర టకటక మళ్ళీ మొదలైంది. జంబయ్య పట్టించుకోలేదు. కుందేళ్ళను వాగు దగ్గర దింపి వెనక్కి వచ్చాడు.

రెండో ట్రిప్పులో మిగిలిన కుందేళ్ళూ ఉడతలూ ఎక్కాయి. ఆరో మలుపులో మీటరు పక్కన ఎర్ర దీపం వెలిగింది. నూనె డబ్బా బొమ్మ ఉండే దీపం. వెలిగింది, ఆరింది, మళ్ళీ వెలిగింది. ఆ దీపాన్ని చూస్తూ బండి నడపడం జంబయ్య వల్ల కాలేదు. కిటికీలోంచి చెయ్యి చాపి ఒక టేకు ఆకు తెంపి, దానికి అడ్డంగా దోపాడు. ఇక కనిపించలేదు. కనిపించకపోతే లేనట్టే అనుకున్నాడు. నవ్వకండి, మనమూ ఒక్కోసారి అంతే.

మూడోసారి లోయలోకి దిగేసరికి పొగకు పొద్దు కూడా కనిపించడం లేదు. మంట చిటపటలు వినిపిస్తున్నాయి. నీలవ్వ బిడ్డను నోటితో ఎత్తి బల్ల మీద పెట్టింది. పోలయ్యను ఎక్కించారు. సూరమ్మ ఎక్కబోతూ ఆగింది. ఇంజన్ చప్పుడు విని చెవులు రిక్కించింది.

"ఆ మోత ఏంటి? అక్కడ ఆ ఆకేంటి?"

జంబయ్య నోరు విప్పేలోపే ఆమె ఆకు లాగేసింది. ఎర్ర దీపం ఆరకుండా వెలుగుతోంది.

"ఎప్పట్నుంచి?"

"రెండో ట్రిప్పు నుంచి అత్తా."

సూరమ్మ ఆ ఆకును కింద పడేసింది. అప్పుడు అంది, "మామూలు రోజైతే ఈ దీపం వెలిగిన చోటే ఇంజన్ ఆపించేదాన్ని. ఇప్పుడు ఆపితే వీళ్ళంతా ఇక్కడే పోతారు. మార్చడానికి టైము లేదు. బరువు ఎంత తగ్గితే అంత మేలు. నేను దిగిపోతున్నాను."

"వద్దత్తా! ఎక్కు!"

"పసిబిడ్డ ఉందిరా అందులో. పో!"

"వచ్చే ట్రిప్పులో నిన్ను తీసుకెళ్తా. తప్పకుండా వస్తా!" అని అరిచాడు జంబయ్య. సూరమ్మ తలుపు వేసి, బండి మీద రెండుసార్లు కొట్టింది.

మొదటి మలుపు దాటింది. రెండు, మూడు. "ఒక్కసారి ఎక్కవే తల్లీ, ఈ ఒక్కసారి," అని బండిని బతిమాలుతున్నాడు జంబయ్య. నాలుగో మలుపులో మాడు వాసన వచ్చింది. ఐదో మలుపులో టకటక కాస్తా దడదడ అయింది. ఆరో మలుపు ఎక్కుతుండగా ఇనుము కీచుమంది. ఒక్క కుదుపు. అంతే, చప్పుడు ఆగిపోయింది.

తాళం తిప్పాడు. కటక్కుమంది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ కటక్కు. బండి వెనక్కి జారబోయింది. జంబయ్య బ్రేకు మీద నిలబడ్డంత పని చేసి, చేతి బ్రేకు లాగి, దూకి చక్రం వెనక రాయి పెట్టాడు.

"అన్నా, ఏమైంది? ఎందుకాపావు?" అంది నీలవ్వ.

"ఇంజన్ పట్టేసిందమ్మా. ఇక తిరగదు."

కింద నాలుగో మలుపు దగ్గర చెట్లు అంటుకున్నాయి. జంబయ్య ఇంకేమీ ఆలోచించలేదు. బిడ్డను ఒక భుజం మీద వేసుకున్నాడు. పోలయ్యను ఇంకో చంకలో ఇరికించుకున్నాడు. ముసలాయన ముళ్ళు పక్కటెముకల్లో దిగబడ్డాయి.

"గుచ్చుకుంటున్నాయేమో నాయనా," అన్నాడు పోలయ్య.

"గుచ్చుకోనీ తాతా," అన్నాడు జంబయ్య.

నీలవ్వ బిడ్డ కాలును నాకుతూ పక్కనే పరిగెత్తింది. ఏడో మలుపు దాటేసరికి జంబయ్య వీపు మీది బొచ్చు కమిలింది. ఎలా దిగాడో తెలియదు, వాగు నీళ్ళలోకి వచ్చి పడ్డాడు. బిడ్డ దగ్గింది, అరిచింది, బతికింది. మంట కొండ మీది బండరాళ్ళ దాకా వచ్చి, అక్కడ కాల్చడానికేమీ లేక ఆగిపోయింది.

అందరూ ఒకరినొకరు చూసుకుని ఊపిరి పీల్చుకున్నారు. జంబయ్య మాత్రం నీళ్ళలో ఒళ్ళంతా తడుపుకుని లేచాడు.

"నేల ఇంకా కాలుతోంది అన్నా, ఆగు!" అంది నీలవ్వ.

"సూరమ్మత్త కింద ఉంది," అని కొండ ఎక్కాడు.

ఆరో మలుపు దగ్గర బండి కనిపించింది. నీలం రంగు ఎక్కడా మిగల్లేదు. తన ప్రాణంలాంటి బండి. జంబయ్య దాని పక్క నుంచే వెళ్ళాడు, నిలబడలేదు. అరికాళ్ళు బొబ్బలెక్కుతున్నా లోయలోకి దిగి, "అత్తా! అత్తా!" అని పిలిచాడు. ఎక్కడ చూసినా బూడిదే. పిలుపుకు బదులు రాలేదు. బూడిదలో వాసన పట్టుకుంటూ, ముక్కు కాలుతున్నా ఆగకుండా వెతికాడు. ఒకచోట మట్టి కొత్తగా తవ్వినట్టు ఉంది. రెండు చేతులతో తవ్వాడు. గోళ్ళు విరిగాయి. లోతుగా, నేల చల్లగా ఉన్నచోట, బంతిలా చుట్టుకుని సూరమ్మ ఉంది. వీపు మీది పొలుసులు నల్లగా మాడి ఉన్నాయి.

జంబయ్య ఆ బంతిని ఒళ్ళోకి తీసుకుని భోరుమని ఏడ్చాడు. కాసేపటికి బంతి మెల్లగా విచ్చుకుంది.

"బిడ్డ?" అంది సూరమ్మ.

"బతికింది అత్తా. అందరూ బతికారు. బండే పోయింది. నీకు మాటిచ్చి రాలేకపోయాను. నా బండి, నా ఇష్టం అనుకున్నాను. నన్ను తిట్టు."

సూరమ్మకు తిట్టే ఓపిక లేదు. పొగకు గొంతు పూడిపోయి, చాలా చిన్నగా అంది. "స్టీరింగు నీ చేతిలో ఉందని నీ బండి అనుకున్నావురా. ఎక్కినవాళ్ళ ప్రాణాలన్నీ ఆ నూనె మీదే నడిచాయి."

జంబయ్య ఆమెను వీపు మీద ఎత్తుకుని ఏడు మలుపులూ నడిచాడు. వానలు పడేదాకా నీళ్ళ పీపాలు కూడా అలాగే, ఒక్కొక్కటిగా భుజం మీద మోశాడు. కుందేళ్ళు దారి ఇచ్చి తప్పుకునేవి. పోలయ్య పలకరించేవాడు. ఎవ్వరూ అతన్ని ఒక్క మాట కూడా అనలేదు. పీపా బరువు కంటే అదే జంబయ్యను ఎక్కువ కుంగదీసింది.

నీతి: నడుస్తోంది కదా అని చేయాల్సిన చిన్న పనిని వాయిదా వేస్తే, ఆగకూడని చోట అది మనల్నీ, మనల్ని నమ్ముకున్నవాళ్ళనీ ఆపేస్తుంది.