మూటలో దొరికిన తోక

ఆ రాజ్యంలో ప్రతి ప్రాణికీ ఒక మూట ఉండేది. దాని ఒంటిని కుట్టడానికి కావలసిన గుడ్డముక్కలన్నీ అందులోనే ఉండేవి. తల్లి మూటలోవే పిల్లకూ వచ్చేవి. ఎవరూ విప్పి చూసుకున్న పాపాన పోలేదు.

మనుషుల రాజుకు తన మూట మీద మహా నమ్మకం. ఇంత తెలివి పట్టాలంటే అది ఎంత బరువుండాలి! అందుకే, ఎవరి మూట బరువైతే వాళ్లదే సింహాసనమని చాటింపు వేయించాడు.

తూకంలో చీమ ఓడింది, కోడి ఓడింది. రాజు మీసం మెలేస్తుండగా ఉల్లిగడ్డ దొర్లుకుంటూ వచ్చింది.

"కూరలో ఉండక తక్కెడ దగ్గర నీకేం పనే?" అన్నాడు రాజు.

"చాటింపు విన్నాను ప్రభూ," అంటూ ఉల్లి తన మూట పెట్టింది. రాజుగారి మూట అమాంతం పైకి లేచింది.

రాజు ఇంకోసారి తూయించాడు. అదే తీరు. తాతముత్తాతల గద్దె ఉల్లిగడ్డ పాలవుతోంది మరి.

ఆస్థానంలో ఇద్దరు పండితులున్నారు. ఒకరు తూర్పంటే ఇంకొకరు పడమరంటారు. మొదటాయన లేచి, "సృష్టికర్త పనికిరాని పోగు ఒక్కటీ ఇవ్వడు. చెత్త ఉంటే అది దొంగమూట. విప్పించండి!" అన్నాడు.

విప్పారు. ఒకే చింకిముక్క, మళ్లీ మళ్లీ అదే ముక్క, కుప్పలుగా పడింది. "చెల్లదు!" అన్నాడు రాజు. ప్రాణం లేచొచ్చింది.

రెండో పండితుడు గొంతు సవరించుకున్నాడు. "వంశంలో పేరుకున్న పాతగుడ్డలు ప్రభూ. ఎవరి మూటైనా అంతే."

"అయితే ఏలినవారిదీ విప్పండి," అంది ఉల్లి.

నిండు సభలో కాదనలేకపోయాడు. విప్పగానే పొడుగాటి తోకముక్క ఒకటి జారిపడింది.

"తాతలనాటిది. ఇప్పుడు అక్కర్లేదు," అన్నాడు రెండో పండితుడు.

అక్కర్లేనిదైతే మూట చెల్లదు. మూట చెల్లకపోతే గద్దె లేదు. రాజు మొదటి పండితుడి వైపు దీనంగా చూశాడు.

ఆయన చెమట తుడుచుకున్నాడు. "పనికిరానిది కాదు ప్రభూ. తొడుక్కోమనే సృష్టికర్త ఇచ్చాడు."

ఉల్లిని వంటింటికి పంపారు. సింహాసనానికి వెనక కన్నం పెట్టించారు. తోక వేలాడితే బాగుండదని దూది కూరి కుట్టించారు. మర్నాడు రాజు అది తగిలించుకుని కొలువు తీరాడు. నవ్వే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

కోతి మాత్రం దగ్గరికొచ్చి తోకను అటూ ఇటూ తిప్పి చూసింది. "ముక్క మా ఇంటిదే. కాస్త వదులైంది బావా," అంది.

రాజు సభనంతా ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"బిగించడం వచ్చా?"