జాడ మిగలని పొర

భ్రమరాంబ గారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పరు. అడిగినవాళ్ల చేతికి ఒక పని ఇస్తారు. పని పూర్తయ్యాక కూడా ఆ ప్రశ్న అలాగే మిగిలి ఉంటే అప్పుడు మాట్లాడుకుందాం అంటారు. కాలేజీలో లోహశాస్త్రం చెప్పినన్నాళ్లూ ఇదే పద్ధతి. రిటైరయ్యాక బాలానగర్‌లో, ప్రెస్సు మిషన్ల మోత మధ్య ఒక రేకుల షెడ్డు తీసుకుని, లోహపు ముక్కలు ప్రింటు చేసే వర్క్‌షాపు పెట్టారు. అక్కడా అదే పద్ధతి. ఆ షెడ్డులో పనిచేసేవాళ్లు తాము ఉద్యోగులమని చెప్పుకోరు, మేడమ్ గారి శిష్యులమని చెప్పుకుంటారు. ఊసుపోక ప్రశ్నలు మాత్రం ఎవరూ అడగరు.

శిష్యుల్లో పెద్దవాడు శశిభూషణ్. ఒక గురువారం మధ్యాహ్నం, అందరూ అన్నాలకు కూర్చున్న వేళ, అతను మేడమ్ బల్ల దగ్గరికి వచ్చి ఇలా అడిగాడు:

"ఇంటిని నిలబెట్టే మనిషి బయటికి వచ్చేస్తే, ఆ ఇల్లు ఏమైపోవాలి మేడమ్?"

వినడానికి పెద్ద తాత్విక ప్రశ్నలాగే ఉంది. మగవాళ్ల తత్వచింతనలో చాలా భాగం వంటింటి గుమ్మం దగ్గరే మొదలవుతుంది కనుక, ఈ ప్రశ్న ఎక్కడ పుట్టిందో ముందు చెప్పుకోవాలి.

ఆ ఇంటిని నిలబెట్టే మనిషి పేరు కుముద. శశి భార్య. ఆమె కూడా భ్రమరాంబ గారి శిష్యురాలే, అతనికంటే ముందునుంచీ. కాలేజీలో ఆవిడ దగ్గరే చదువుకుంది, ఈ షెడ్డు తెరిచినప్పుడు మొదట చేరింది ఆమే. పెళ్లయింది, పాప పుట్టింది, "కొన్నాళ్లు" ఇంట్లో ఉండమన్నారు, ఉంది. మన ఇళ్లలో ఆడవాళ్లకు చెప్పే కొన్నాళ్లకు కొస ఉండదు. అయితే పాప ఈ ఏడు బడికి వెళ్తోంది. కుముద తనే మేడమ్‌కి ఫోన్ చేసి, మళ్లీ పనిలోకి రావచ్చా అని అడిగింది. సోమవారం రమ్మన్నారు మేడమ్. ఆ సంగతి రాత్రి భోజనాల దగ్గర మొగుడికి చెప్పింది. అడగలేదు, చెప్పింది. శశికి ముద్ద దిగనిది ఆ తేడా దగ్గరే.

"ఆమె రావొద్దని నేననను మేడమ్," అన్నాడు శశి గొంతు తగ్గించి. "నేనంటే బాగుండదు. అదే మీరంటే..."

"మేడమ్ అంటే బాగుంటదా అన్నా?" అంది పక్క బల్ల మీద డబ్బా విప్పుకుంటున్న రజియా. ఫర్నేస్ పని చూసుకునే అమ్మాయి. నోరు కూడా ఇంచుమించు ఆ వేడి మీదే ఉంటుంది. "మంచిగుంది లెక్క. చెడ్డపేరు మేడమ్‌కి, మూడు గిన్నెల క్యారేజీ నీకు."

"నువ్వుండు రజియా. నేను పద్ధతి గురించి మాట్లాడుతున్నాను." అతను మళ్లీ మేడమ్ వైపు తిరిగాడు. "ఇంటికి తనే ఆధారం మేడమ్. కింద సపోర్టు లాగేస్తే పైనున్నది కూలిపోదా? మనం రోజూ చేసే పనేగా ఇది."

ఆ పోలిక అతను తేకుండా ఉంటే బాగుండేది.

వాళ్లు రోజూ చేసే పని ఇది. లోహపు పొడిని మైనంలాంటి జిగురుతో కలిపి, మెషీన్ ముక్కులోంచి సన్నని తీగలా పోస్తూ, వరస మీద వరస పేర్చి ఒక ముక్కను తయారుచేస్తారు. అప్పటికది రస్కులా పెళుసు. ఫర్నేస్‌లో పెట్టి కాల్చాలి. కాలేటప్పుడు జిగురు పోయి, లోహపు రేణువులు ఒకదానితో ఒకటి కలిసి, ముక్క గట్టిపడుతుంది. గట్టిపడుతూ బాగా కుంచించుకుపోతుంది. ఆ సమయంలో గాలిలోకి చాచుకుని ఉన్న భాగం ఏదైనా ఉంటే జారి వంగిపోతుంది. అందుకని దాని కింద సపోర్టు కట్టాలి. ఆ సపోర్టు కూడా అదే లోహంతో ఉండాలి, అదే మంటలో కాలాలి, పైముక్క ఎంత తగ్గితే తానూ అంతే తగ్గాలి. లేకపోతే పైముక్క బీటలిస్తుంది.

ఇంతా చేసి, కాలాక ఆ సపోర్టును ఊడదీసి పారేయాలి. అది ఊడి రావాలంటే ముక్కకీ దానికీ మధ్య కాగితమంత పల్చగా సిరామిక్ పొడి పొర ఒకటి ఉండాలి. పింగాణీ మట్టి జాతి పొడి, తెల్లగా ఉంటుంది. లోహం కలిసిపోయే వేడికి అది కలవదు. ఆ పొర ఉంటే చెక్క సుత్తితో ఒక్క తట్టు తడితే సపోర్టు ఊడి చేతిలోకి వస్తుంది. పొర లేకపోతే రెండూ ఒకే ముద్ద అయిపోతాయి. మెషీన్‌కి ఉన్న రెండో ముక్కు ఈ పొడి పోయడానికే. వాళ్లది పాత మెషీన్. పొర ఎక్కడ వేయాలో మనిషే కంప్యూటర్‌లో గీసి చెప్పాలి.

సపోర్టుల పనిలో శశికి పేరుంది. అతని సపోర్టులు తడితే చాలు, కింద పడతాయి. ముక్క మీద గీత కూడా ఉండదు. కాలేజీ పిల్లలు చూడడానికి వస్తే మేడమ్ వాళ్లను ముందు అతని బల్ల దగ్గరికే తీసుకెళ్లేవారు. "మంచి సపోర్టు గొప్పతనం ఏమిటంటే, దాని జాడ మిగలకపోవడమే," అని అతను చెప్పేవాడు. పిల్లలు రాసుకునేవారు. ఊడిన సపోర్టులు గుమ్మం పక్కనున్న బకెట్‌లోకి వెళ్లేవి. వాటిని ఎవరూ రాసుకోలేదు.

భ్రమరాంబ గారు శశి ప్రశ్న అంతా విన్నారు. మజ్జిగన్నం ముగించి, చెయ్యి కడుక్కుని వచ్చి, ఒక విరిగిన స్టీలు ముక్కను అతని ముందు పెట్టారు. నూనె మిల్లు మెషీన్‌లోని ఒక చెయ్యి. మణికట్టు, దాని పైన ముందుకు చాచిన అరచెయ్యిలాంటి పలక.

"ఈ చెయ్యి కొత్తది కావాలి. పలక కింద సపోర్టు నువ్వు గియ్యి."

శశి ఎప్పటిలాగే కొలతలు ఎక్కించుకోవడానికి జేబులోంచి పెన్ డ్రైవ్ తీశాడు. "రేపు పొద్దున్నే తెస్తాను మేడమ్. ఇంటి దగ్గరైతే ప్రశాంతంగా ఉంటుంది."

"ఇంటికి కాదు. ఇక్కడ. నీ బల్ల మీదే."

అతను ఒక్క క్షణం నిలబడ్డాడు. తర్వాత కూర్చుని గీశాడు. బాగానే గీశాడు. పలక కింద దట్టంగా కాళ్లు కట్టాడు, ఒక్క చోటా సందు వదల్లేదు. మనసులో ఆ రోజు అడిగిన ప్రశ్నే మెదులుతోందేమో, సపోర్టు పలకను గట్టిగా పట్టుకుని ఉండేలా మరీ జాగ్రత్త పడ్డాడు. సాయంత్రానికి మెషీన్ పని ముగించింది. ఆ ముక్కను ఫర్నేస్‌లో పెట్టబోతూ రజియా ఆగింది. ఇటు తిప్పి, అటు తిప్పి చూసింది. మేడమ్ వైపు చూసింది.

"పెట్టెయ్," అన్నారు మేడమ్.

శనివారం ఫర్నేస్ తెరిచారు. సపోర్టు ఊడదీసేటప్పుడు అందరూ చుట్టూ చేరి చూడడం ఆ షెడ్డులో ఆనవాయితీ. శశి చెక్క సుత్తి తీసుకుని, ఎప్పుడూ తట్టే చోటే సుతారంగా ఒక తట్టు తట్టాడు. ఏమీ కాలేదు. నవ్వి, కాస్త గట్టిగా తట్టాడు. సపోర్టు కదల్లేదు. నవ్వడం మానేసి బలంగా కొట్టాడు. చివరికి ఉలి తెచ్చి సందులో పెట్టబోయాడు. సందు ఉంటే కదా. ఉలి మీద సుత్తి దెబ్బ పడగానే స్టీలు చెయ్యి మణికట్టు దగ్గర విరిగి బల్ల కిందికి దొర్లింది. అరచెయ్యి మాత్రం సపోర్టు కాళ్లను వదలకుండా బల్ల మీదే ఉంది.

శశి దాన్ని చేతిలోకి తీసుకుని అతుకు దగ్గర వేలితో తడిమాడు. తెల్లగీత ఉండాల్సిన చోట ఏ గీతా లేదు.

"పొర..." అన్నాడు. "సపోర్టు గీస్తే పొర మెషీనే వేసుకుంటుందనుకున్నాను."

"ఇంట్ల అన్నం గూడ కుక్కరే వండుకుంటదనుకుంటున్నవా అన్నా?" అంది రజియా. ఇంకెప్పుడైనా అయితే అందరూ నవ్వేవాళ్లు. ఎవరూ నవ్వలేదు. ఆ మాట అన్న రజియా కూడా అతని మొహం చూసి మొహం తిప్పుకుంది.

"ఇన్నాళ్లూ ఎవరు వేశారు శశీ?" అని అడిగారు భ్రమరాంబ గారు.

అతని చెవులు ఎర్రబడ్డాయి. చేతిలో ముక్కకి చెబుతున్నట్టు చెప్పాడు. "కుముద. మొదట్లో నేను గీసినవి చూసి సర్దేది. తర్వాత తర్వాత... నేను గీయడం మానేశాను. పెన్ డ్రైవ్ ఫ్రిజ్ మీద పెట్టేవాణ్ని. పొద్దున క్యారేజీతో పాటు ఇచ్చేది."

ఆ ఫైళ్లు తెరిచి అతను ఒక్కసారైనా పూర్తిగా చూడలేదు. చూసి ఉంటే ప్రతి సపోర్టు పైనా, అది ఏ చోట తెగి పక్కకు పోవాలో చెప్పే గీత కనబడేది. ఇల్లు సర్దుకుని, పాపను నిద్రపుచ్చి, ఆ గీతను తన చేత్తో తనే గీసిపెట్టేది కుముద. అంత శుభ్రంగా గీసింది గనుకే అతనికి అంత పేరొచ్చింది.

శశి తల మరీ కిందికి దిగింది.

"తలెత్తు," అన్నారు భ్రమరాంబ గారు. "సిగ్గు నీ ఒక్కడిదే కాదు. ఆ సపోర్టుల కాళ్లకి అడుగున చిన్న పాదం ఉంటుంది, చూశావా? అది నేను ఎవరికీ నేర్పలేదు. కాలేజీలో ఆ పిల్లే పెట్టేది, తన సొంత ఆలోచన. నువ్వు తెచ్చిన మొదటి సపోర్టు చూసినరోజే అది ఎవరి చెయ్యో నాకు తెలిసింది. తెలిసి కూడా నీ భుజం తట్టాను. పిల్లలను వెంటబెట్టుకుని నీ బల్ల దగ్గరికే వచ్చాను."

బయట ప్రెస్సు మిషను ఆగకుండా కొడుతోంది.

"సోమవారం తనని పంపిస్తాను మేడమ్," అన్నాడు శశి.

"నువ్వు పంపేదేముంది? ఆమె వస్తానంది. నువ్వు మానకుండా రా, చాలు."

అతను విరిగిన ముక్కను బకెట్ వైపు తీసుకెళ్తుంటే, అక్కడ వద్దు, బల్ల మీద ఉంచమన్నారు.

సోమవారం కుముద వచ్చింది. వస్తూనే చెప్పుల స్టాండు ఎక్కడికి మార్చారని అడిగింది. రజియాను చూసి "మేడమ్ ఫోన్‌లో నీ నోటి గురించే చెప్పారు," అని నవ్వింది. శశి ఆ రోజు తన క్యారేజీ తనే కట్టుకున్నాడు. గిన్నె మూత సరిగా పడక దారి పొడుగునా బ్యాగులో మజ్జిగ కారింది. బస్సులో వాళ్లంతా చూశారని కుముద చెబుతుంటే అతను అడ్డు చెప్పలేదు.

మాటల మధ్యలో ఆమె చెయ్యి బల్ల మీది స్టీలు ముక్క మీద పడింది. ఎత్తి వెలుతురులో తిప్పింది.

"ఇందులో పొర ఏది మేడమ్? ఎవరు చేశారిది?"

ఆమె మొగుడి వైపు చూసింది, అర్థమైంది. ముక్కను చప్పుడు కాకుండా కింద పెట్టేసింది.

శశి లేచి నిలబడ్డాడు. రెండు రోజులుగా తనలో తాను చెప్పి చూసుకున్న మాట కాబోలు, మధ్యలో ఆపలేదు. "అది నేను చేసింది. ఇదివరకు నా బల్ల మీద నా పేరుతో మీరంతా చూసిన సపోర్టులు కుముద చేసినవి. ఒక్కటి కూడా నాది కాదు. ఆమెను రావొద్దనమని మేడమ్‌ని అడిగింది కూడా నేనే."

చివరి మాట కుముదకు తెలియదు. ఆమె మొహంలో రంగు ఒక్కసారిగా దిగిపోయింది. అతని వైపు చూసింది. చుట్టూ నిలబడ్డవాళ్లను చూసింది. ఇంత మందిలో మొగుడు తల దించుకుని నిలబడడం ఆమెకు సహించరానిదైంది. తనకు తగిలినదాన్ని పక్కన పెట్టేసి, చీర కొంగు సర్దుకుని, గబగబా నవ్వు తెచ్చుకుంది.

"అయ్యో, అదేం లేదు మేడమ్," అంది. "ఈయనకి అన్నీ పెద్దవి చేసి చెప్పడం అలవాటు. నేనేం చేశాను? ఆయన చెప్పినట్టే గీశాను. ఊరికే పక్కన కూర్చున్నానంతే."

ఎంత నేర్పుగా అందంటే, ఒక్క తట్టుకే సపోర్టు ఊడినట్టు, తన వంతంతా ఊడి పక్కకొచ్చింది. అతని మీద గీత కూడా పడలేదు. శశి ఉలిక్కిపడి తలెత్తాడు. ఇన్నేళ్లూ తన చెక్క సుత్తి కింద విన్న చప్పుడు అదేనని అప్పుడు తెలిసిందతనికి.

భ్రమరాంబ గారు కుర్చీలోంచి లేచి, శశి బల్ల ముందున్న కుర్చీని కుముద వైపు జరిపారు.

"ఆ పొర స్టీలు మీద వెయ్యమని నీకు నేర్పాను కుముదా, నీ మీద కాదు," అన్నారు.