విస్తరి ముందు కూర్చున్నాక

మకరపురి రాజు ఉదయవర్మకు ఓ విందు పూట పంతం పట్టుకుంది.

చుట్టుపక్కల రాజ్యాలను కలిపి ఆయన ఒక కూటమి కట్టాడు. అందులోని వాళ్ళు ఏ రాజ్యానికైనా వెళ్ళి బతకొచ్చు. ఇప్పుడు నీలకొండ కూడా చేరతానని దూతను పంపింది. జనం మాత్రం ససేమిరా అన్నారు. కొండవాళ్ళంతా దిగొచ్చి తమ పనులు లాగేసుకుంటారని వాళ్ళ బెంగ.

"ఆ భయం ఎక్కడ పుడుతోందో ఈ విందు ముగిసేలోగా నాకు చూపించు, బుచ్చనా! లేదంటే దూతను తిప్పి పంపేస్తాను. రేపటినుంచి కొలువులో నీకూ చోటుండదు," అన్నాడు రాజు.

బుచ్చన అంటే నేనే, ఆస్థాన విదూషకుణ్ణి. తెలివి సంగతెలా ఉన్నా, పొట్ట మాత్రం ఇద్దరికి సరిపోయేంత ఉంది.

పంక్తి నిండాక పొరుగు రాజ్యపు మంత్రి త్రిలోచనుడు వచ్చాడు. అందరూ చూడాలని ఎప్పుడూ ఆలస్యంగానే వస్తాడు. ఆయన రాజ్యం కూటమిలో చేరింది మొన్న మొన్ననే, అయినా నీలకొండను మాత్రం రానివ్వొద్దంటాడు. "జరగండి, జరగండి" అంటూ దూరి, మోకాళ్ళు బార్లా చాపి కూర్చున్నాడు.

వెనకే నేను విస్తరి పట్టుకెళ్ళాను.

"ఎక్కడయ్యా చోటు? నువ్వు కూర్చుంటే మాకు గారెలు దక్కవు!" అన్నాడు మంత్రి.

ఇప్పుడే దూరి కూర్చున్నవాడి నోట నాకు కావలసింది ఆ మాటే. రాజుకు చెబుదామని నోరు తెరిచాను. ఇంతలో ముసలి గాయకుడొకడు జాలిపడి జరిగాడు. గారెల వాసనకు ఉపన్యాసం మరిచి కూలబడ్డాను.

మొదటి గారె కొరికానో లేదో, నీలకొండ దూత విస్తరితో వచ్చాడు.

"అయ్యా, కాస్త జరుగుతారా?"

"ఎక్కడయ్యా చోటు?" అనేశాను.

మంత్రి పగలబడి నవ్వాడు. "ప్రభూ! మీ విదూషకుడూ నా పక్షమే!"

రాజు ముఖం చిట్లించాడు. నా కొలువు, దూత ఆశ రెండూ ఆ గారెతోపాటు గొంతులో అడ్డుపడ్డాయి. దగ్గుతూ లేచి నిలబడ్డాను. కిందికి చూస్తే ఇద్దరు పట్టేంత ఖాళీ. అప్పుడు వెలిగింది.

"ప్రభూ, భయం పుట్టేది ఇక్కడే. నిలబడ్డంతసేపూ చోటు కనిపించింది, కూర్చోగానే మాయమైంది!"

"మరి దానికి మందు?"

"కూర్చున్నవాళ్ళు ఒక్కసారి లేచి చూడటమే. మంత్రిగారూ, మీరూ లేవండి!"

రాజు చూస్తుండగా మంత్రి లేవక తప్పలేదు. ఆయన మోకాళ్ళు ఆక్రమించిన మేర మరో ఖాళీ బయటపడింది. సభంతా ఘొల్లున నవ్వింది.

"దూతా, కూర్చో. మీ రాజ్యానికీ చోటుంది," అన్నాడు రాజు కళ్ళు తుడుచుకుంటూ. తన ముత్యాల హారం తీసి నా మెడలో వేశాడు.

ఇదంతా ముందే వేసిన ఎత్తని అందరికీ చెప్పుకుంటున్నాను. నిజానికి హారం మెడలో పడేటప్పుడు కూడా నా చూపు దూత విస్తరిలో గారెల మీదే ఉంది.